అటెండరు కావలెను

గొందివలస, అరకులోయ
12 సెప్టెంబరు 2024

బేబికి,

నువ్వు బాగానే ఉంటావనే నమ్మకంతో రాస్తున్నాను. నా సంగతి నువ్వెలాగూ అడగవు కాబట్టి నేనే చెప్పేస్తాను.

నా కుడి మోకాలు ఇక పనికిరాదట. విశాఖలో డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూపించాడు. ఎముకకీ ఎముకకీ మధ్య ఉండాల్సింది అరిగిపోయి, ఇప్పుడు అవి రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయట. ఇన్నాళ్ళూ ఎలా నడిచారమ్మా అని అడిగాడు. హెడ్‌మిస్ట్రెస్ కూర్చుంటే పిల్లలు కూర్చోరు బాబూ, అందుకని నడిచాను అన్నాను. నవ్వలేదు. పెద్ద డాక్టర్ల చేత అది కూడా చదువులో మానిపించేస్తారు కాబోలు. నవంబరు పద్దెనిమిదిన కీలు మొత్తం తీసేసి లోహంది పెడతారు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా, ఈ రోజుల్లో ఉత్తరమేమిటి చోద్యంగా అంటావు. మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే చర్చి మెట్ట ఎక్కాలి. ఆ మెట్ట ఎక్కగలిగితే నాకు ఆపరేషనే అక్కర్లేదు. ఆసుపత్రి వాళ్ళ ఫోన్లు కూడా పక్కింటి దేముడమ్మే పైకి వెళ్ళి మాట్లాడి, దిగొచ్చి నాకు చెబుతోంది. దారిలో కాస్త ఒలికిపోతుంది గానీ మొత్తానికి విషయం అందుతోంది.

ఒంటరిగా ఉండేవాళ్ళు ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో ఆరు పేజీల కాగితం ఇచ్చారు. రోజూ వాడే వస్తువులన్నీ నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలట. వంగకూడదు, గొంతుక్కూర్చోకూడదు, నేల మీద మఠం వేయకూడదు. మా ఇంట్లో నేల మీద లేనిదేదైనా ఉంటే చెప్పు. పొయ్యి, కత్తిపీట, రోలు, నీళ్ళబిందె, నేను, అందరం నేల మీదే ఉంటాం. ఆ కాగితం రాసినవాడు జన్మలో ఒక్క ఉల్లిపాయ కూడా తరిగి ఉండడు.

ఇంకోటి. ఆపరేషన్ రోజునుంచి ఇరవై నాలుగ్గంటలూ ఒక అటెండరు ఉండాలట, లేకపోతే చేర్చుకోరట. దేముడమ్మ ఈ కబురు మెట్ట మీంచి ఎంతో దిగులుగా దింపుకొచ్చింది. నాకు నవ్వొచ్చింది. అటెండరు దొరకడం నాకో సమస్యా. ఆ సాయంత్రమే మాట్లాడేశాను, ఒప్పుకోవడం కూడా అయిపోయింది. కాబట్టి నువ్వు కంగారుపడి రానక్కర్లేదు. బీపీ చూపించుకోవడానికి నీ అరుగు మీద కూర్చున్నవాళ్ళని లేపకు. రిటైరైనా ఏఎన్ఎం ఏఎన్ఎమ్మే.

జాకబ్ ఉంటే ఈ ఉత్తరం వాడికే రాసేదాన్ని. తమ్ముడు పోయి రెండేళ్ళయింది, వాడి భార్యవి నువ్వు మిగిలావు. దేవుడి పంపకాలు అలా ఉంటాయి.

నీ వదిన
దేవమణి


కురుపాం
21 సెప్టెంబరు 2024

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. చదివి ఎంతో సంతోషించాను. ముప్పై రెండేళ్ళు ఏఎన్ఎంగా చేసిన మనిషి సొంత కుటుంబంలో ఉండగా, అటెండరుని ఒక్క సాయంత్రంలో బయట వెతుక్కోగలిగారు. మీ సమర్థత ముందునుంచీ తెలిసిందే. నేను మీకు గుర్తుకు రాకపోవడం కూడా ముందునుంచీ తెలిసిందే.

ఆ అటెండరు ఎవరని నేను అడగను. మీరు పేరు రాయలేదంటే రాయకూడదనే. నాకు తెలియదా ఏమిటి. డొంకరాయిలో ఉన్న మీ పిన్ని కూతురు నిర్మల. మీరేం చెప్పినా అలాగే అక్కా అంటుంది. జబ్బుపడ్డప్పుడు మీకు అలాంటివాళ్ళే కావాలి. కట్టు మార్చేటప్పుడు రక్తం చూసి ఆవిడ పడిపోతే మాత్రం మీరే మంచం దిగి లేపాలి. అది మీ ఆరు పేజీల్లో ఉందో లేదో చూసుకోండి.

మీరు అడక్కపోయినా ఉద్యోగధర్మంగా కొన్ని చెబుతున్నాను. పుచ్చిన పన్ను ఉంటే ఇప్పుడే పీకించుకోండి, దాని చీము కొత్త కీలుదాకా పోతుంది. సుగరు చూపించుకోండి. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, కాలు కిందికి నొక్కిపట్టి పది లెక్కపెట్టండి, రోజుకి మూడు పూటలు. పిల్లల చేత గుంజీలు తీయించిన చెయ్యి కాబట్టి లెక్క తప్పదు. కోళ్ళని గడప దాటి రానివ్వకండి. మీ కోళ్ళు మీ మాట వింటాయని అనుకుంటాను, అందరూ వింటారు కదా.

ఇక్కడ జనం ఊరుకోవడం లేదు. మొన్న బీపీ చూపించుకుంటూ ఒకామె, "మీ ఒదినమ్మకి ఆపరేసనంట కదా, నువ్వెల్లవేటి?" అని అడిగింది. ఆవిడకి మనుషులున్నారు అని చెప్పాను. ఆమె బీపీ మామూలుగానే ఉంది. నాది చూసుకోలేదు.

నిర్మలకి నా వందనాలు చెప్పండి.

ఇట్లు
బేబి


గొందివలస
2 అక్టోబరు 2024

బేబీ,

నీ ఉత్తరంలో ‘మీరు’లు లెక్కపెట్టడానికి నా చేతివేళ్ళు చాల్లేదు. నిన్ను చూడ్డానికి పెళ్ళివారమై వచ్చినప్పుడు కూడా నువ్వు నన్నింత గౌరవించలేదు. కోపమొస్తే నీకు మర్యాద పొంగుకొస్తుందని జాకబ్ అనేవాడు. ఇంతకీ కోపం దేనికి?

నిర్మల ఊసు ఎందుకొచ్చిందో మొదట బోధపడలేదు. రెండోసారి చదివితే తెలిసింది. నువ్వు రాలేవు. రాలేనని రాయడానికి మొహమాటం. అందుకని నిర్మలని నా మీదకి తోస్తున్నావు. అక్కర్లేదమ్మా. నేను రమ్మననూ లేదు, నువ్వు తప్పించుకోనూ అక్కర్లేదు.

పన్ను పీకించుకున్నాను. మోకాలి కోసం వెళ్తే ముందు నోరు తెరవమనే వైద్యం ఇప్పుడే చూశాను. సుగరు లేదు. నా మాటల్లో కూడా లేదని దేముడమ్మ అంటుంది.

ఇల్లంతా నేల మీంచి లేచింది. స్కూల్లో పారేసిన బెంచీలు రెండు తెప్పించి వంటింట్లో వేయించాను. గ్యాస్ పొయ్యి, బిందె, పప్పుల డబ్బాలు అన్నీ వాటి మీద క్రమశిక్షణగా కూర్చున్నాయి. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాను. వీధిలోంచి ఇంటికి పదకొండు రాతిమెట్లు కదా, వాటి పక్కన వెదురుతో పట్టుకునే కమ్మీ కట్టించాను. చోళ్ళ గింజలు పోసుకునే గది ఇప్పుడు బాత్రూం. అందులో కుర్చీలాంటి కమోడ్ పెట్టించాను. ఊళ్ళో సగం మంది వచ్చి చూసి వెళ్ళారు. బొర్రా గుహల్లా టికెట్టు పెట్టి, ఒక గైడుని నిలబెట్టాల్సింది. అంత ఎత్తున కూర్చుంటే మనసు నిలుస్తుందా అని దేముడమ్మ సందేహం. నాకూ అదే సందేహం. అలవాటు కావాలని రోజూ పేపరు పట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటున్నాను.

పాస్టరు సువార్తరావుగారు ఆదివారం నా కోసం ప్రార్థన చేశారు. మా దేవమణి టీచరమ్మ మోకాళ్ళు ప్రార్థనలోనే అరిగిపోయాయి ప్రభువా అన్నారు. సంఘమంతా నా వైపు భక్తిగా చూసింది. నేను ఖండించలేదు. అయితే కొత్త కీలు పెట్టాక మోకాళ్ళూనకూడదని డాక్టరన్నాడని చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. కుర్చీలో కూర్చుని చేసే ప్రార్థన పైదాకా వెళ్తుందో లేదో పెద్దల్ని అడిగి చెబుతానన్నారు.

వదిన
దేవమణి


కురుపాం
10 అక్టోబరు 2024

వదినగారికి,

నిర్మలకి ఫోన్ చేశాను. జాగ్రత్తలు చెబుదామని. ఆవిడకి మీ ఆపరేషన్ సంగతే తెలియదు. నాకెందుకు చెప్పలేదు వదినా అని ఫోన్‌లోనే ఏడ్చింది. ఓదార్చడానికి అరగంట పట్టింది. మీ తరఫున ఆ పని కూడా నేనే చేశాను.

అంటే నిర్మల కూడా కాదన్నమాట. నాకంటే, నిర్మలకంటే మీకు దగ్గరైనవాళ్ళు ఎవరున్నారో ఊహించే శక్తి నాకు లేదు. ఆ మనిషి ఫోన్ నంబరు ఒక్కటి పంపండి. ఆపరేషన్ అయ్యాక మీరు బతికారో లేదో అడిగి తెలుసుకుంటాను. అంతకంటే విసిగించను.

ఇట్లు
బేబి, రిటైర్డ్ ఏఎన్ఎం


గొందివలస
26 అక్టోబరు 2024

బేబీ,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరినీ ఉంచుకోకు. నువ్వు నవ్వుతుంటే వాళ్ళు కారణం అడుగుతారు.

బుధు నీకు గుర్తున్నాడు కదా. మా స్కూల్లో ముప్పై ఏళ్ళు అటెండరు. గంట కొట్టినవాడు, రికార్డులు మోసినవాడు, అధికారులొస్తే టీ తెచ్చినవాడు. అటెండరు కావాలి అని ఆసుపత్రివాళ్ళంటే, ప్రభుత్వోద్యోగం చేసినదానికి ఇంకెవరు గుర్తుకొస్తారు? వచ్చి గది బయట కూర్చుంటాడు, కాగితాలు పట్టుకుంటాడు, మందులు తెస్తాడు అనుకున్నాను. పెద్ద ఆసుపత్రి కదా, రోగుల అటెండర్లని రోగులే తెచ్చుకోవాలి కాబోలు అనుకున్నాను. అడిగితే అతను ఒక్క క్షణం ఆలోచించలేదు. మెట్ల పక్కన కమ్మీ కట్టింది కూడా అతనే.

ఆపరేషన్‌కి ముందు పరీక్షలకి మొన్న ఇద్దరం కిరండూల్ పాసింజరులో విశాఖ దిగాం. బుధు పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకున్నాడు. కౌన్సెలింగ్ గదిలో డాలీ అనే అమ్మాయి ఉంది. మీ అటెండరు వచ్చారా మేడమ్ అంది. బయట ఉన్నాడు, పిలవనా అన్నాను. బుధు లోపలికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈయన మీకేమవుతారు?" అంది.

"అటెండరు."

"అదే మేడమ్, మీకు ఏమవుతారు?"

"చెప్పాను కదమ్మా, అటెండరవుతాడు."

మూడోసారి అడిగేటప్పటికి ఆ పిల్లకి నా మోకాలు మీంచి మెదడు మీదకి అనుమానం మళ్ళింది. తర్వాత నిదానంగా చెప్పింది. అటెండరంటే ఇంటిమనిషట. పక్కన పడుకోవాలి, లేపి బాత్రూంకి తీసుకెళ్ళాలి, ఒళ్ళు తుడవాలి, ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టాలి. ఆడవాళ్ళ వార్డు కాబట్టి ఆడమనిషే కావాలి. అటెండర్ల హాజరుపట్టీల మీద సంతకాలు చేస్తూ బతికినదాన్ని, ఇన్నాళ్ళకి ఆ మాటకి అర్థం తెలుసుకున్నాను.

అప్పుడు బుధు అన్నాడు. "అమ్మగారికి ఇంట్లో మనిసి నేదు తల్లీ. అందుకే నానొచ్చినాను."

కోప్పడదామనుకున్నాను. కోప్పడ్డానికి అందులో తప్పు దొరకలేదు.

నవంబరు ఎనిమిదిలోగా ఇంటిమనిషి పేరు చెప్పకపోతే నా తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. తర్వాత ఎప్పుడో చెప్పలేమన్నారు. దేముడమ్మని అడగలేను, కాఫీ పళ్ళు కోతకొస్తున్నాయి, ఈ రెండు నెలలే వాళ్ళకి ఏడాదంతా. ఆగుదామంటే కాలు ఆగేలా లేదు. పోయిన మంగళవారం ఆ కొత్త కమోడ్ మీద కూర్చున్నాక మోకాలు పట్టేసింది, లేవలేకపోయాను. దేముడమ్మ తోటనుంచి వచ్చేదాకా రెండు గంటలు అక్కడే ఉన్నాను. పేపరు మొత్తం చదివేశాను, టెండరు ప్రకటనలతో సహా. భయమేసింది బేబీ. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

నిన్ను ఎందుకు అడగలేదో కూడా చెబుతాను. ఆరేళ్ళ కిందట పార్వతీపురంలో నీకు గర్భసంచి ఆపరేషనైతే నేనొచ్చాను. మూడో రోజున నువ్వు కళ్ళు తెరిచి, వదినా నువ్వు వెళ్ళిపో, నువ్వుంటే నాకు నయం కాదు అన్నావు. జాకబ్ నన్ను బస్సెక్కించాడు. దారంతా అరటిపళ్ళ ధర గురించి మాట్లాడాడు పాపం. నేను వచ్చి నర్సుల మీద పెత్తనం చేశానని తెలుసు. వార్డుని ఐదో తరగతి చేశానని తెలుసు. నేను ఉంటే నయం కానిదానివి, నువ్వు వచ్చి నాకు నయం చేయమని ఏ ముఖంతో అడగను?

దేవమణి


కురుపాం
1 నవంబరు 2024

వదినా,

నవ్వాను. బుధు మాట దాకా నవ్వాను.

నీకు సంజాయిషీ ఒకటి బాకీ ఉన్నాను, రాస్తున్నాను. ఆ మూడో రోజు నాకు మత్తు పూర్తిగా దిగలేదు. కళ్ళు తెరిస్తే నువ్వు కిటికీ కింద నేల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నావు. మా అత్తగారు పోయినప్పుడు కూడా నువ్వు ఏడవడం నేను చూడలేదు. పెళ్ళైన కొత్తలో నీకు భయపడి నేను అన్నం కూడా చప్పుడు కాకుండా తినేదాన్ని. అలాంటి నువ్వు ఏడుస్తున్నావంటే డాక్టరు నాకు చెప్పనిదేదో నీకు చెప్పాడనుకున్నాను. నేను చచ్చిపోతున్నానని ఖాయం చేసుకున్నాను. నా చావు నీ ముఖంలో చూడలేక పొమ్మన్నాను. పెత్తనం వల్ల కాదు. పెత్తనం చేస్తూనే ఉంటే బతుకుతానని ధైర్యంగా ఉండేదాన్ని.

తర్వాత చెబుదామనుకున్నాను. నువ్వు ఫోన్లో పొడిగా మాట్లాడేదానివి, నాకూ పౌరుషం. ఈలోగా ఆయన పోయారు. చెప్పడానికి మధ్యలో మనిషి లేకుండా పోయాడు.

దేముడమ్మకి ఫోన్ చేసి ఆసుపత్రి నంబరు తీసుకున్నాను. డాలీతో మాట్లాడాను. పేరు బేబి, పేషెంటుకి తమ్ముడి భార్య, నర్సింగు తెలుసు, బరువు ఎత్తగలదు అని రాయించాను. తమ్ముడుగారు రారా అంది. లేరు అన్నాను. అయితే మీరు సొంతమనుషుల కిందే వస్తారా అంది. నువ్వు రాసుకోమ్మా, రాకపోతే చూద్దాం అన్నాను. రాసుకుంది. నీ తేదీ నీకే ఉంది.

పద్నాలుగున వస్తున్నాను. వంటింట్లో ఆ బెంచీల అమరిక ఎలా ఉన్నా మారుస్తాను, ఇప్పుడే చెబుతున్నాను.

బేబి


గొందివలస
7 నవంబరు 2024

బేబీ,

పోస్టుమాన్ వెళ్ళేలోపు రాయాలి, కాబట్టి తొందరగా.

ఆ రోజు నేను ఏడ్చింది నీ గురించి కాదు. రెండు రాత్రులు నీ మంచం కింద గచ్చు మీద పడుకున్నాను. మూడో రోజు పొద్దున లేవబోతే ఈ మోకాలే, ఇదే కుడి మోకాలు, పట్టేసింది. లేవలేక, ఎవరినీ పిలవలేక, నొప్పికి ఏడ్చాను. నీకు తెలిస్తే నువ్వా స్థితిలో మంచం దిగి నన్ను లేపుతావని కొంగు అడ్డం పెట్టుకున్నాను. డాక్టరు నాకేమీ చెప్పలేదు. నీ ఆపరేషన్ బాగానే జరిగింది.

ఆరేళ్ళు. ఇద్దరం చదువుకున్నవాళ్ళం.

బేగి రా.

దేవమణి


గొందివలస
3 ఫిబ్రవరి 2025

బేబీ,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులైంది. క్షేమంగా చేరావని దేముడమ్మ చెప్పింది. ఇప్పుడు మెట్ట నేనే ఎక్కగలను, ఫోన్ చేయొచ్చు. కానీ ఫోన్‌లో నువ్వు మధ్యలో అడ్డుపడతావు. కాగితం నోరు మూసుకుని వింటుంది.

ముందుగా ఫిర్యాదులు. నా కత్తిపీట ఎక్కడ దాచావో చెప్పు. కత్తితో తరిగితే బెండకాయ రుచి పోతోంది. డాలీ ఫోన్ చేసి నిన్ను అడిగింది, నన్ను కాదు. వార్డులో మిగతా రోగులు కూడా నీకే దణ్ణాలు పెట్టేవారు, నేను డబ్బు కట్టి మోకాలు తెగ్గోయించుకున్నదాన్ని అని ఒక్కరికీ జ్ఞాపకం లేదు. రెండో రోజునే నన్ను లేపి నడిపించావు చూడు, అప్పుడు నేనన్న మాటలు వెనక్కి తీసుకోను. నువ్వన్నవి కూడా నాకు గుర్తే. ముప్పై డిగ్రీలు వంగితే చాలదా అంటే, తొంభై వంగేదాకా అన్నం పెట్టనన్నావు. క్రూరత్వంలో నేను నీ కాలిగోటికి చాలను. కాలు ఇప్పుడు నూట పది వంగుతోంది.

పాస్టరుగారు కుర్చీ ప్రార్థనకి అనుమతిచ్చారు. బుధు వారానికోసారి వచ్చి కమ్మీ గట్టిగా ఉందో లేదో ఊపి చూసి, ఇంట్లో మనిసెల్లిపోనారా అని అడిగి వెళ్తాడు. మొన్న అడిగినప్పుడు అవునని చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు ఏ పనీ తోచలేదు.

నేను ఈ ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నానో నీకు తెలుసు. ఎవరి మీదా ఆధారపడకుండా, నా ఇంట్లో నేను ఒక్కదాన్నీ ఉండగలగాలని. శుక్రవారం డాక్టరు చూసి అంతా బాగుంది, ఇక ఎవరి సాయం అక్కర్లేదు, మీరు ఒంటరిగా ఉండొచ్చు అన్నాడు. ఈసారి ఆయన నవ్వాడు, నాకే నవ్వు రాలేదు.

నిన్న స్నానం చేసి, వండుకుని, తిని, గిన్నెలు కడిగి, మెట్లన్నీ దిగి ఎక్కాను. ఎక్కడా ఎవరూ అక్కర్లేకపోయింది. అన్నీ నేను కోరుకున్నట్టే జరిగాయి. గుమ్మంలో కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. ఈసారి మోకాలు కాదు.

ఒంటరిగా ఉండగలను బేబీ. ఉండబుద్ధి కావడం లేదు.

పదిహేనో తేదీ శనివారం బయల్దేరుతున్నాను. రాత్రికి కురుపాంలో ఉంటాను. ఎన్నాళ్ళుంటావని మాత్రం అడక్కు.

దేవమణి